పాల సొసైటీ యాప్ డైరీ: హైబ్రిడ్ ఎంతవరకు, నేటివ్ ఎక్కణ్ణుంచి

2025 జూన్, మొదటి వారం: పని, పనిముట్లు

ఊళ్లో పాల సొసైటీ. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు పాలు పోస్తారు. కార్యదర్శి రైతు నంబరు కొట్టి లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాల శాతం) ఎక్కిస్తే ధర పట్టికలోంచి రేటు రావాలి, బ్లూటూత్ ప్రింటర్ మీద తెలుగులో చీటీ రావాలి. సిగ్నల్ లేకపోయినా ఇదంతా ఆగకూడదు. సిగ్నల్ అందిన వెంటనే లెక్క సర్వర్‌కు చేరాలి. ఫోన్లు కార్యదర్శుల సొంతవి. ఎక్కువ భాగం 2, 3 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్లు, కొన్ని ఆండ్రాయిడ్ 9 దగ్గరే ఆగిపోయినవి. సూపర్‌వైజర్లలో కొందరివి ఐఫోన్లు. వాళ్లకు పూటవారీ నివేదికలు కనిపిస్తే చాలు.

ఈ పనికి హైబ్రిడ్ పనిముట్లయిన అయానిక్ (తెరల భాగాల లైబ్రరీ), కెపాసిటర్ 7 (వెబ్ కోడ్‌ను ఫోన్ యాప్‌గా చుట్టేది) తీసుకున్నాం. పక్కనే ఎంట్రీ తెర, చీటీ ముద్రణ ఈ రెండింటినీ నేటివ్‌గా, అంటే ఆండ్రాయిడ్ సొంత పనిముట్లయిన కోట్లిన్ భాష, జెట్‌ప్యాక్ కంపోజ్‌లో విడిగా కడుతున్నాం. ఒకే పనిని రెండు విధాలా చేసి చూస్తే తప్ప పోలికకు విలువ ఉండదు.

కొత్తగా వచ్చేవాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ హైబ్రిడ్ అంటే తెరలన్నీ హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో రాసి, యాప్ లోపల ఉండే వెబ్‌వ్యూ అనే చిన్న బ్రౌజర్‌లో నడపడం. ఫోన్ హార్డ్‌వేర్ కావాల్సి వచ్చినప్పుడు ప్లగిన్ అనే వంతెన మీదుగా నేటివ్ కోడ్‌ను పిలుస్తాం. రియాక్ట్ నేటివ్, ఫ్లట్టర్ ఈ కోవలోకి రావు. మొదటిది ఫోన్ సొంత వ్యూలనే వాడుతుంది, రెండోది తన ఇంజిన్‌తో తెరను తానే గీసుకుంటుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘క్రాస్ ప్లాట్‌ఫామ్ నెమ్మది’ అనేయడం సరి కాదు.

హైబ్రిడ్‌కు నెమ్మది అన్న పేరు తొలి హైబ్రిడ్ పనిముట్లలో ఒకటైన ఫోన్‌గ్యాప్ కాలం నాటిది. ఆ రోజుల్లో ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం. ఫోన్ ఏ వెర్షన్‌తో వస్తే చివరిదాకా అదే. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చాక వెబ్‌వ్యూ ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవడం మొదలైంది. అదే ఏడాది ఐఓఎస్ 8తో ఐఫోన్‌కు డబ్ల్యూకే వెబ్‌వ్యూ అనే కొత్త వెబ్‌వ్యూ వచ్చింది. అందుకే 2012 నాటి అనుభవాన్ని ఇప్పటి నిర్ణయానికి కొలబద్దగా పెట్టకూడదు.

అమరిక: నోడ్ 20 లేదా ఆపైది (వెబ్ బిల్డ్‌కు), జేడీకే 21 (జావా, కోట్లిన్ బిల్డ్‌కు), ఆండ్రాయిడ్ స్టూడియో లేడీబగ్ లేదా ఆ తర్వాతది. కంపైల్ ఎస్‌డీకే 35 (ఆండ్రాయిడ్ 15), మినిమమ్ ఎస్‌డీకే 23, అంటే ఆండ్రాయిడ్ 6 నుంచి. జేడీకే 17 మిగిలిపోయిన యంత్రంలో బిల్డ్ ‘ఇన్వాలిడ్ సోర్స్ రిలీజ్: 21’ అని ఆగుతుంది. గ్రేడిల్ (ఆండ్రాయిడ్ బిల్డ్ పనిముట్టు) ఫైళ్లను తవ్వకుండా ముందు ఆండ్రాయిడ్ స్టూడియో సెట్టింగుల్లో గ్రేడిల్ జేడీకే మార్చి చూడండి.

రోజువారీ క్రమం ఇలా ఉంటుంది: వెబ్ బిల్డ్, తర్వాత క్యాప్ సింక్ (వెబ్ ఫైళ్లను, ప్లగిన్లను ఆండ్రాయిడ్ ప్రాజెక్టులోకి చేర్చే ఆదేశం), తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్. మధ్యలో సింక్ తప్పితే ఫోన్‌లో పాత తెరే వస్తుంది. క్యాప్ కాపీ వెబ్ ఫైళ్లను మాత్రమే పంపుతుంది, కొత్త ప్లగిన్ చేర్చినప్పుడు సింక్ తప్పనిసరి. లైవ్ రీలోడ్ (కోడ్ మార్చగానే ఫోన్‌లో కనబడడం) కోసం కాన్ఫిగ్‌లో పెట్టిన 192.168తో మొదలయ్యే సర్వర్ చిరునామా రిలీజ్ బిల్డ్‌లో మిగలకూడదు. మిగిలితే ఆఫీసు వైఫై దాటగానే యాప్ తెరుచుకోదు. రిలీజ్ స్క్రిప్ట్‌లోనే ఆ వరుస ఉందేమో వెతికి, ఉంటే బిల్డ్‌ను ఆపేలా తనిఖీ పెట్టాం.

జూన్ రెండో వారం: దశాంశాలు, తెలుగు అక్షరాలు

ఎంట్రీ తెరలో మొదట తేల్చాల్సింది అంకెల సంగతి. వెన్న 4.35 అని కొడతారు. జావాస్క్రిప్ట్‌లో 4.35ను 100తో గుణిస్తే 435 రాదు, 434.99999999999994 వస్తుంది. దాన్ని కిందికి కుదిస్తే 434. ధర పట్టికలో ఒక గడి కిందికి జారి రైతుకు రేటు తగ్గుతుంది. ఇది జావాస్క్రిప్ట్‌కే ఉన్న జబ్బు కాదు. కోట్లిన్‌లోనూ డబుల్ వాడితే ఇదే లెక్క వస్తుంది. తేడా ఏమిటంటే కోట్లిన్‌లో బిగ్‌డెసిమల్ చేతికందేంత దగ్గర్లో ఉంటుంది.

పరిష్కారం: టైపు చేసిన అంకెను గుణించొద్దు. చుక్క దగ్గర విడగొట్టి, కుడివైపు రెండు స్థానాలకు సున్నాలు నింపి, నేరుగా పూర్ణాంకంగా చదవాలి. వెన్న వందో వంతుల్లో, పాలు 10 మిల్లీలీటర్ల ప్రమాణంలో, డబ్బు పైసల్లో ఉంటాయి. 6.40 లీటర్లు, లీటరు 41.27 రూపాయలు అయితే 640ని 4127తో గుణించి 100తో భాగించాలి. 26,412.8 పైసలు వస్తాయి, చీటీ మీద 264.13 రూపాయలు.

ఆ చివరి కుదింపు దగ్గరే రెండు భాషలూ విడిపోతాయి. జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్ 2.5ను 3 చేస్తుంది. కోట్లిన్ మ్యాథ్ లైబ్రరీలోని రౌండ్ ఫంక్షన్ దగ్గరి సరి సంఖ్యకు లాగి 2 చేస్తుంది. పైథాన్ రౌండ్ కూడా అంతే. ఫోన్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి వాడితే పది రోజుల బిల్లులో పైసలు తేలవు, రైతు అడిగినప్పుడు జవాబు ఉండదు. సగానికి పైకి అన్న నియమం రాసిపెట్టి, పూర్ణాంకాల మీదే అమలు చేశాం. అవే పరీక్షలను ఫోన్‌లో, సర్వర్‌లో, కోట్లిన్ నమూనాలో నడుపుతున్నాం. ఎస్‌ఎన్‌ఎఫ్ సూత్రంలోని స్థిరాంకాలు డెయిరీని బట్టి మారతాయి కాబట్టి వాటిని కోడ్‌లో కాక సెట్టింగుల్లో ఉంచాం.

కీబోర్డు: ఇన్‌పుట్ రకాన్ని నంబర్ అని పెట్టడం కంటే టెక్స్ట్ అని ఉంచి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ ఇవ్వడం మేలు. చుక్క ఉన్న అంకెల పలక వస్తుంది, మనకు విలువ అక్షరాలుగా యథాతథంగా దొరుకుతుంది. ఐఫోన్ తెరల్లో ఇన్‌పుట్ అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నదైతే తాకగానే పేజీ జూమ్ అవుతుంది. 16 కంటే తగ్గించవద్దు.

తెలుగు అక్షరాలకు వరుసల మధ్య ఎడం కావాలి. లైన్ హైట్ 1.2 ఇంగ్లీషుకు సరిపోతుంది కానీ ‘కృష్ణమూర్తి’, ‘రాజ్యలక్ష్మి’ లాంటి పేర్లలో ఒత్తుల అడుగు తెగిపోతుంది. 1.6 పెట్టాం. బటన్లకు స్థిరమైన ఎత్తు ఇవ్వకుండా ప్యాడింగ్ ఇచ్చాం. నేటివ్ వైపు ఈ చిక్కు లేదనుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే గుణం ఉన్నదే తెలుగు, కన్నడ, తమిళం లాంటి లిపుల కోసం. టార్గెట్ ఎస్‌డీకే 35 పెట్టిన యాప్‌లకు ఆండ్రాయిడ్ 15లో అది దానంతటదే ఆన్ అవుతుంది. అప్పటిదాకా బాగున్న తెరల్లో వరుసల ఎత్తు మారుతుంది.

ఇంకొకటి. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల పరిమాణం పెంచుకుంటే ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ కూడా దాన్ని పాటిస్తుంది, తెర చెదురుతుంది. టెక్స్ట్ జూమ్‌ను 100 దగ్గర బిగించేయమని చాలామంది సలహా ఇస్తారు. దాన్ని ఒప్పుకోం. పెద్ద అక్షరాలు పెట్టుకున్న మనిషి కళ్లకు అవి అవసరం. తెరనే పెద్ద అక్షరానికి తట్టుకునేలా కట్టాలి. పెద్ద సైజు పెట్టి ప్రతి తెరనూ చూశాకే ముందుకెళ్తున్నాం.

జూన్ చివర: లెక్క ఎక్కడ దాచాలి

వెబ్‌వ్యూ సొంత నిల్వలైన లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ రెండూ పక్కన పెట్టాం. ఫోన్‌లో జాగా తగ్గినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని తుడిచేసే వీలుంది. రైతు డబ్బు లెక్క అక్కడ ఉండకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆ నిల్వలు వెబ్ చిరునామాకు కట్టుబడి ఉంటాయి. కెపాసిటర్ 6 నుంచి ఆండ్రాయిడ్‌లో లోపలి చిరునామా హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారింది. పాత యాప్‌ను అప్‌గ్రేడ్ చేసేవాళ్లు ఆండ్రాయిడ్ స్కీమ్ అనే సెట్టింగ్‌ను పాతదానికే బిగించకపోతే, బ్రౌజర్ లెక్కలో అది కొత్త సైటు. పాత డేటా ఫోన్‌లోనే ఉన్నా యాప్‌కు కనబడదు. సర్వర్‌లో క్రాస్ ఆరిజిన్ అనుమతుల (ఏ చిరునామాల నుంచి వచ్చే పిలుపులను ఒప్పుకోవాలి అన్న) జాబితా కూడా దీన్ని బట్టే: ఆండ్రాయిడ్ నుంచి హెచ్‌టీటీపీఎస్ లోకల్‌హోస్ట్, ఐఫోన్ నుంచి కెపాసిటర్ స్కీమ్‌తో లోకల్‌హోస్ట్. రెండూ చేర్చాలి.

కాబట్టి ఫోన్‌లోనే ఒక ఫైలుగా ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్. దానికి దొరికే ప్లగిన్ ఎస్‌క్యూలైట్ ఇంజిన్‌ను తనతోపాటు తెచ్చుకుంటుంది. తెరల వరకే అయితే అది చాలు. మా యాప్‌లో మాత్రం వెనకాల సర్వర్‌కు లెక్క పంపే పని కోట్లిన్‌లో నడవాలి, అదే డేటాబేస్ ఫైలును చదవాలి. ఒకే ప్రాసెస్‌లో ప్లగిన్ తెచ్చిన ఎస్‌క్యూలైట్, ఆండ్రాయిడ్ సొంత ఎస్‌క్యూలైట్ రెండూ ఒకే ఫైలును తెరిస్తే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఒకేసారి ఇద్దరు రాయకుండా ఫైలుకు వేసే పోసిక్స్ తాళాలు ప్రాసెస్ మొత్తానికి వర్తిస్తాయి. ఒక కాపీ ఫైలును మూసినప్పుడు రెండో కాపీ వేసిన తాళం కూడా ఊడిపోతుంది. ఎస్‌క్యూలైట్ వాళ్ల పత్రాల్లోనే ఈ హెచ్చరిక ఉంది. చిన్న పరీక్షల్లో ఇది బయటపడదు, పూట రద్దీలో పడుతుంది.

అందుకని నిల్వకు సొంత ప్లగిన్ రాశాం: లోపల ఆండ్రాయిడ్ సొంత ఎస్‌క్యూలైట్ మీద నడిచే రూమ్ లైబ్రరీ, బయటికి నాలుగే పిలుపులు. ఎంట్రీ చేర్చు, ఎంట్రీ దిద్దు, పూట జాబితా, రైతు ఖాతా. జావాస్క్రిప్ట్‌కు ఎస్‌క్యూఎల్ అసలు తెలియదు. మొత్తం పనిలో మాకు ఎక్కువ నమ్మకం కలిగించిన నిర్ణయం ఇదే.

జూలై: చీటీ

ప్రింటర్ 58 మిల్లీమీటర్ల థర్మల్. ముద్రణ వెడల్పు 48 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 8 చుక్కలు, వరుసకు 384 చుక్కలు. ఇలాంటి ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. తెలుగు అక్షరాలు నేరుగా పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో వస్తాయి. చీటీని బొమ్మగా గీసి చుక్కలుగా పంపడమే దారి.

గీయడంలో వెబ్‌వ్యూ బాగా పనికొచ్చింది. సరిగ్గా 384 పిక్సెళ్ల కాన్వాస్ తీసుకోవాలి, ఫోన్ పిక్సెల్ నిష్పత్తితో దాన్ని పెంచకూడదు. తెల్లటి నేపథ్యం నింపాలి, లేకపోతే పారదర్శకంగా ఉన్న చోటు నలుపుగా అచ్చవుతుంది. ఫాంట్ పూర్తిగా లోడ్ అయ్యేదాకా ఆగి అప్పుడు గీయాలి, ఆగకపోతే మొదటి చీటీ ఒక ఫాంట్‌లో, రెండోది మరో ఫాంట్‌లో వస్తుంది. అక్షరం 28 పిక్సెళ్లు, అంటే కాగితం మీద 3.5 మిల్లీమీటర్లు, గీత కాస్త మందంగా. 20 కంటే తగ్గితే నలుపు తెలుపుగా విడగొట్టేటప్పుడు గుడి, కొమ్ము గీతలు ఎగిరిపోతాయి. కోట్లిన్‌లో ఇదే పని స్టాటిక్ లేఅవుట్‌తో బిట్‌మ్యాప్ మీద చేశాం. అక్షరాల కూర్పులో తేడా కనబడలేదు.

తేడా అంతా పంపడంలో ఉంది. 600 వరుసల చీటీ తీసుకుంటే వరుసకు 48 బైట్లు, మొత్తం 28,800 బైట్లు. వంతెన మీద బైనరీ వెళ్లదు, బేస్ 64 అనే అక్షర రూపంలోకి మారి 38,400 అక్షరాలు అవుతుంది. ఇది ఒక్కసారి దాటితే భారమే కాదు. సాధారణ బీఎల్‌ఈ (తక్కువ శక్తి బ్లూటూత్) ప్లగిన్ తీసుకుని జావాస్క్రిప్ట్ నుంచి ముక్కలుగా రాస్తే మాత్రం కథ మారుతుంది. ఎమ్‌టీయూ (ఒక ముక్కలో పట్టే బైట్ల సంఖ్య) పెంచమని అడగకపోతే అది 23, అందులో మన సరుకు 20 బైట్లు. ఒక్క చీటీకి వంతెనను 1,440 సార్లు దాటాలి, ప్రతిసారీ జవాబు కోసం ఆగాలి. ‘హైబ్రిడ్‌లో ప్రింటింగ్ నెమ్మది’ అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే. నెమ్మది వెబ్‌వ్యూది కాదు, వంతెనను అన్నిసార్లు దాటడానిది.

అందుకే ముద్రణకూ సొంత ప్లగిన్. జావాస్క్రిప్ట్ నుంచి ఒకే పిలుపు, బొమ్మ మొత్తం లోపలికి వెళ్తుంది. మిగతాది కోట్లిన్ చూసుకుంటుంది:

- ప్రింటర్‌ను ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లోనే జత చేయిస్తాం. యాప్ జత అయినవాటి జాబితా మాత్రమే చూపిస్తుంది. ఇలా చేస్తే ఆండ్రాయిడ్ 12, ఆ పైన బ్లూటూత్ కనెక్ట్ అనుమతి ఒక్కటి అడిగితే చాలు. స్కాన్ అనుమతి, పాత ఫోన్లలో లొకేషన్ అనుమతి అడిగే పని తప్పుతుంది.
- కనెక్షన్‌కు క్లాసిక్ బ్లూటూత్ సీరియల్ పోర్ట్ ప్రొఫైల్, 00001101తో మొదలయ్యే యూయూఐడీ (ఆ సేవ గుర్తింపు సంఖ్య).
- ముందు 27, 64 పంపి ప్రింటర్‌ను మొదటి స్థితికి తేవాలి. తర్వాత బొమ్మను 64 వరుసల పట్టీలుగా: 29, 118, 48, 0, ఆపైన 48, 0, 64, 0, వెంట 3,072 బైట్ల చుక్కలు. 600 వరుసలకు పది పట్టీలు. చివరిదానికి 24 వరుసలే మిగులుతాయి, ఎత్తు అంకె కూడా 24గా మారాలి. మార్చకపోతే ప్రింటర్ మిగతా బైట్ల కోసం ఎదురుచూస్తూ తర్వాతి చీటీ తలను మింగేస్తుంది.
- పట్టీకీ పట్టీకీ మధ్య కొద్దిపాటి విరామం. చవక ప్రింటర్లలో బఫర్ చిన్నది. అది నిండితే చీటీ మధ్యనుంచి అడ్డదిడ్డంగా వస్తుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ముద్రణ వేగం తగ్గి ఇది ఎక్కువవుతుంది.

ప్లగిన్ రాసేవాళ్లు రెండు సంగతులు గమనించాలి. మెయిన్ యాక్టివిటీలో ప్లగిన్‌ను నమోదు చేసే వరుస సూపర్ ఆన్‌క్రియేట్ కంటే ముందు ఉండాలి. లేకపోతే ‘ప్లగిన్ ఈజ్ నాట్ ఇంప్లిమెంటెడ్ ఆన్ ఆండ్రాయిడ్’ అని వస్తుంది. రెండోది ఇంతకంటే ముఖ్యం. కెపాసిటర్ ఆండ్రాయిడ్‌లో ప్లగిన్ పిలుపులన్నీ ఒకే థ్రెడ్ (పని వరుస) మీద వరుసగా నడుస్తాయి. ముద్రణ ఆ థ్రెడ్‌ను పట్టుకుని కూర్చుంటే నిల్వ ప్లగిన్ కూడా ఆగిపోతుంది, తర్వాతి రైతు ఎంట్రీ సేవ్ కాదు. ముద్రణకు వేరే థ్రెడ్ ఇచ్చి, పిలుపు నుంచి వెంటనే బయటికి రావాలి.

ఐఫోన్‌లో ఈ దారి లేదు. యాపిల్ ఎమ్‌ఎఫ్‌ఐ ధ్రువీకరణ ఉన్న పరికరం అయితే తప్ప క్లాసిక్ సీరియల్ ప్రొఫైల్ యాప్‌కు అందదు. బీఎల్‌ఈ ఉన్న ప్రింటరే కావాలి. సూపర్‌వైజర్లకు ముద్రణ అక్కర్లేదు కాబట్టి ఐఫోన్ బిల్డ్‌లో ఆ బటనే లేదు. వెబ్ కోడ్ నుంచే బ్లూటూత్ వాడే వెబ్ బ్లూటూత్‌తో పని కానిద్దామనుకునేవాళ్లకు: ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో అది లేదు.

జూలై చివర: తెర ఆరిపోయాక

యాప్ వెనక్కి వెళ్లాక జావాస్క్రిప్ట్ టైమర్ల మీద ఆధారపడకూడదు. ప్రాసెస్‌ను సిస్టమ్ చంపేస్తే వెబ్‌వ్యూ కూడా పోతుంది. లెక్క పంపే పనిని ఆండ్రాయిడ్‌లో వెనకాల పనులు నడిపే వర్క్ మేనేజర్‌కు ఇచ్చాం: నెట్‌వర్క్ ఉండాలన్న షరతుతో, ప్రతి ఎంట్రీ తర్వాత ఒకసారి నడిచే పని. దానితోపాటు 15 నిమిషాలకోసారి తిరిగే పని. ఆవర్తన పనులకు 15 నిమిషాలే కనీస వ్యవధి, ఫోన్ నిద్రలో ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే విలక్షణ సంఖ్య పుడుతుంది. సర్వర్ అదే సంఖ్య రెండోసారి వస్తే కొత్త వరుస చేర్చదు. సిగ్నల్ మధ్యలో తెగినప్పుడు పాలు రెండుసార్లు జమ కాకుండా కాపాడేది ఇదే.

ఇక్కడికి నిల్వ, ముద్రణ, సింక్ మూడూ కోట్లిన్‌లోనే తేలాయి.

ఆగస్టు: వేగం కొలత, స్టోర్ నియమాలు

ప్రారంభ వేగం పోల్చేటప్పుడు ఒక మోసం ఉంది. ఆండ్రాయిడ్ లాగ్‌లు చూపే లాగ్‌క్యాట్‌లో కనిపించే ‘డిస్‌ప్లేడ్’ సమయం యాక్టివిటీ మొదటి ఫ్రేమ్‌ది. హైబ్రిడ్‌లో అప్పటికి వెబ్‌వ్యూ ఖాళీగానే ఉండొచ్చు, జావాస్క్రిప్ట్ ఇంకా చదవబడుతూ ఉంటుంది. ఆ అంకె చూపించి ‘రెండూ సమానమే’ అనే పోలికలను నమ్మొద్దు. రైతు నంబరు గడి తాకడానికి సిద్ధమైన క్షణంలో ప్లగిన్ ద్వారా రిపోర్ట్ ఫుల్లీ డ్రాన్ పిలిచి, ‘ఫుల్లీ డ్రాన్’ సమయాన్ని రెండింటిలోనూ పోల్చాలి. రిలీజ్ బిల్డ్‌తో, ఫోన్ రీస్టార్ట్ చేసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత మరోసారి. అలా కొలిస్తే తక్కువ ర్యామ్ ఫోన్లలో నేటివ్ స్పష్టంగా ముందుంటుంది. తెర ఒకసారి తెరుచుకున్నాక ఎంట్రీ చేసే వేగంలో కార్యదర్శికి తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ ఆలస్యమంతా మనిషి వేలిదీ, పాలు కొలిచే యంత్రానిదీ. నివేదికల తెరను విడి ముక్కగా చేసి, అడిగినప్పుడే లోడ్ అయ్యేలా మార్చడం హైబ్రిడ్ వైపు బాగా కలిసొచ్చింది.

ప్లే స్టోర్‌లో 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్‌లూ కనీసం టార్గెట్ ఎస్‌డీకే 35 పెట్టాలి. ఆండ్రాయిడ్ 15లో దీనివల్ల తెర అంచునుంచి అంచుదాకా పరుచుకుంటుంది, మన హెడర్ గడియారం కిందికి దూరుతుంది. కెపాసిటర్ 7.1 నుంచి ఎడ్జ్ టు ఎడ్జ్ మార్జిన్లు సరిచేసే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆటో అని పెట్టి, కీబోర్డు తెరిచినప్పుడు సేవ్ బటన్ కనబడుతోందో లేదో విడిగా చూడాలి.

ప్లే స్టోర్‌లోనే 2025 నవంబరు 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీల నియమం. జావా, కోట్లిన్ కోడ్‌కు దీనితో పని లేదు. ఎస్‌ఓ ఫైళ్లు (సీ, సీ++ లాంటి భాషల నుంచి తయారైన లైబ్రరీలు) తెచ్చే ప్లగిన్లకు ఉంది. ఏపీకే (యాప్ ప్యాకేజీ) ఎనలైజర్‌లో లిబ్ ఫోల్డర్ తెరిచి చూడండి. నిల్వకు ఆండ్రాయిడ్ సొంత ఎస్‌క్యూలైట్ వాడినందుకు మా దగ్గర ఆ గొడవ రాలేదు.

పాత ఫోన్ల విషయం మాత్రం ఆలోచించాల్సిందే. వెబ్‌వ్యూకూ క్రోమ్‌కూ ఇంజిన్ ఒక్కటే. క్రోమ్ 138 ఆండ్రాయిడ్ 8, 9లకు చివరి వెర్షన్. 139 నుంచి ఆండ్రాయిడ్ 10 కావాలి. ఆ ఫోన్లలో వెబ్‌వ్యూ ఇక అక్కడే ఆగుతుంది. నేటివ్ యాప్ తన లైబ్రరీలను ఏపీకేలోనే మోసుకెళ్తుంది కాబట్టి ఇది దాన్ని తాకదు. మేం జావాస్క్రిప్ట్ బిల్డ్ లక్ష్యాన్ని దానికి తగ్గట్టు బిగించి, కాన్ఫిగ్‌లో కనీస వెబ్‌వ్యూ వెర్షన్ పెంచి, అంతకంటే పాతది ఉంటే ‘క్రోమ్ అప్‌డేట్ చేయండి’ అనే తెలుగు పేజీ వచ్చేలా ఎర్రర్ పాత్ ఇచ్చాం. పెట్టకపోతే అలాంటి ఫోన్‌లో వచ్చేది తెల్లటి తెర, కారణం ఎవరికీ తెలియదు.

యాపిల్ వైపు: సైటునే చుట్టి ఇచ్చినట్టుంటే యాప్ స్టోర్ 4.2 నియమం (కనీస పనితనం) కింద తిరస్కరిస్తారు. నెట్ లేకుండా నడిచే నివేదికలు, షేర్ బటన్ ఉన్న బిల్డే పంపుతున్నాం. ఐఓఎస్ 16.4 నుంచి సఫారీతో వెబ్‌వ్యూను తనిఖీ చేయాలంటే ఇన్‌స్పెక్టబుల్ గుణం ఆన్ చేయాలి, రిలీజ్‌లో ఆఫ్ చేయాలి.

ఇప్పటికి తేలింది

హైబ్రిడ్‌నే ఉంచుతున్నాం, కోట్లిన్ తెరలను ఆపేస్తున్నాం. ఫారాలు, జాబితాలు, నివేదికలు, ధర పట్టికలు రెండు వేదికలకూ ఒకేసారి తయారవుతున్నాయి. ధర పట్టిక మారితే యాప్ మార్చనక్కర్లేదు, అది డేటా. కానీ ఈ నిర్ణయం టీమ్‌లో కోట్లిన్ బాగా తెలిసిన మనిషి ఉన్నందువల్లే నిలబడుతోంది. హైబ్రిడ్ ఎంచుకుంటే నేటివ్ మనిషి అక్కర్లేదన్న లెక్కతో బడ్జెట్ వేసుకునేవాళ్లు చీటీ దగ్గర ఆగిపోతారు.

పాలు కొలిచే యంత్రం నుంచి రీడింగులు ఓటీజీ (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాన్ని కలిపే) కేబుల్ ద్వారా నేరుగా తీసుకోవడం తర్వాతి పని. అది సీరియల్ ప్రవాహం, యంత్రాన్ని బట్టి వాక్యం ఆకృతి మారుతుంది. ప్రవాహాన్ని కోట్లిన్‌లోనే చదివి, పూర్తయిన రీడింగును మాత్రమే వంతెన దాటిస్తాం. యంత్రానికో పార్సర్ ఫైలు, ప్రతిదానికీ నిజమైన రీడింగులతో పరీక్షలు. యూఎస్‌బీ అనుమతి పెట్టె ప్రతి పూటా అడగకుండా ఉండాలంటే మ్యానిఫెస్ట్‌లో పరికరపు వెండర్, ప్రొడక్ట్ సంఖ్యలతో ఫిల్టర్ రాయాలి. ఆ సంఖ్యలను కేంద్రాల నుంచి సేకరించడం మొదలైంది.